తూనికల శాఖ గోల్‌కీపరు

పత్రికలవాళ్ళు మా ఆయన్ని ఒక వారం దేశద్రోహి అన్నారు, మరుసటి వారం మహానుభావుడు అన్నారు. రెండూ ఒట్టి మాటలు. ఆయన తూనికల ఇన్‌స్పెక్టరు. పొద్దున్నే ఇత్తడి తూకపు రాళ్ళున్న చెక్కపెట్టె చంకలో ఇరికించుకుని బజారుకు వెళ్ళి, కొట్టు కొట్టుకీ ఆగి, కాటా ఎటైనా మొగ్గుతోందేమో చూసి, సరిగ్గా ఉంటే సీలు వేసి వచ్చే మనిషి. కట్టుకున్నదాన్ని చెబుతున్నాను, వినండి. దేశాన్ని అమ్మేసేంత తెలివి ఆయనకు లేదు. మహానుభావుడు అంతకన్నా కాదు, తడి తువ్వాలు తెచ్చి మంచం మీద పడేసే మహానుభావుణ్ణి నేనెక్కడా చూడలేదు.

ఆయనకు పుట్టుకతో ఒక జబ్బుంది. కింద పడబోయేది ఏదైనా సరే, ఆయన చేతులు వెళ్ళి పట్టేసుకుంటాయి. ఆయన పట్టుకోరు, చేతులు పట్టుకుంటాయి. పాకే వయసులోనే అటక మీంచి జారిన జాడీని పట్టుకున్నారని మా అత్తయ్య చెబుతుంది. అందులో సగం కోసెయ్యండి, అయినా చాలానే మిగులుతుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఒళ్ళు మండి గరిటె విసిరాను. అలవోకగా పట్టుకుని, "ఇదెక్కడ పెట్టమంటావు?" అని అడిగారు. మూత విసిరాను. దాన్నీ పట్టుకుని గరిటె పక్కనే పెట్టారు. కోపం తీర్చుకోవడానికి కూడా వీల్లేని కాపురం ఎలా ఉంటుందో మీకెలా చెప్పను!

అందుకే ఊరంతా ఆయన్ని జిగురు అంటారు. తూనికల శాఖ జట్టుకు గోల్‌కీపరు కూడా అందుకే అయ్యారు.

మా దేశం సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మా తాతల కాలంలో మాకూ ఎన్నికలుండేవట. కానీ ఓట్లరోజూ ఫుట్‌బాల్ ఆటా ఒకే ఆదివారం పడితే జనం ఆటకే పోయేవారు. ఓట్ల పెట్టెలు ఖాళీగా వెనక్కి వచ్చేవి. చివరికి ఎవరో విసుగెత్తి రెండూ కలిపేశారు. ఇప్పుడు ప్రతి ప్రభుత్వ శాఖకూ ఒక జట్టు ఉంటుంది. లీగులు మూడు. మొదటి లీగులో ఉన్న శాఖకు పని చేసే అధికారం ఉంటుంది. రెండో లీగుకు జారితే సలహా మాత్రం ఇవ్వొచ్చు. మూడో లీగుకు జారితే సానుభూతి తెలపొచ్చు, అంతకుమించి వేలు కదపకూడదు. ఏ శాఖకు ఆ ఏడాది ఎవరు ఎక్కువ గోల్స్ తెస్తే వాళ్ళే ఆ శాఖకు అధిపతి. కప్పు గెలిచిన శాఖ అధిపతి ప్రధానమంత్రి.

కప్పు ఏళ్ళ తరబడి తపాలా శాఖదే. రోజంతా వీధులు తిరిగే కాళ్ళు మరి! మా ప్రధానమంత్రి ఇప్పటికీ పొద్దున ఉత్తరాలు పంచి మధ్యాహ్నం దేశాన్ని పాలిస్తాడు. ఆర్థిక శాఖ మూడో లీగులో పడి చాలా కాలమైంది. బడ్జెట్ రోజున ఆర్థికమంత్రి లేచి, మైకు సరిచేసుకుని, ప్రజలకు ప్రగాఢ సానుభూతి తెలిపి కూర్చుంటాడు. ధరలు పెరిగినప్పుడు మళ్ళీ లేచి ఇంకోసారి తెలుపుతాడు. సైన్యం రెండో లీగు. మొన్నామధ్య పక్కదేశం సైన్యం సరిహద్దు దాటి వస్తే మనవాళ్ళు ఎదురెళ్ళి, "ఇది మీకు మంచిది కాదు, ఆలోచించుకోండి" అని సలహా ఇచ్చారు. తీరా చూస్తే వాళ్ళది మూడో లీగుట. మనవాళ్ళ పరిస్థితికి సానుభూతి తెలిపి వెనక్కి వెళ్ళిపోయారు.

నేను దర్జీని. సీజన్ చివర శాఖలు పైకీ కిందకీ మారుతుంటే ఉద్యోగుల కోట్ల మీద చారలు మార్చాలి. పసుపు చార విప్పి తెల్లది, తెల్లది విప్పి నల్లది. ఆ నెల నాకు ఊపిరి సలపదు, మిషను చప్పుడుకు పక్కింటివాళ్ళు తలుపులు వేసుకుంటారు. కాబట్టి ఈ పద్ధతి మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ ఉండేది కాదు, మా అత్తయ్య కళ్ళకు పొరలు వచ్చేదాకా.

మా అత్తయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ముందు తలుపు దగ్గర నిలబడి, వెనక సీటులో టిక్కెట్టు లేకుండా కూర్చున్నవాణ్ణి మెడ చూసి పట్టేసేదట. అలాంటి మనిషి గోడలు తడుముకుంటూ నడవాల్సి వచ్చింది. నా మొహం చూసి, "ఎవరమ్మా? కూర్చో, మా కోడలు ఇప్పుడే వస్తుంది" అంది ఒకసారి. ఆ రోజు నవ్వాను కానీ, తర్వాత మిషను మీద తల పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆవిడకూ నాకూ పడదని మీరు అనుకోవద్దు. మేమిద్దరం పోట్లాడుకుంటాం, అది వేరే సంగతి.

ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కంటి డాక్టరు కుర్రవాడు, సన్నగా, మర్యాదగా ఉంటాడు. టార్చి వేసి చూశాడు.

"పొరలు బాగా ముదిరాయమ్మా. తీసేస్తే చూపు వస్తుంది. ఎంతోసేపు పట్టదు."

"అయితే తియ్యి నాయనా" అంది అత్తయ్య.

"తియ్యకూడదమ్మా. ఆస్పత్రుల శాఖ రెండో లీగులో ఉంది. తీయించుకోమని సలహా ఇస్తాను."

"ఎవరిచేత తీయించుకోను?"

"నాచేతనే."

"మరి తియ్యి."

"తియ్యకూడదమ్మా."

ఇలా ఎంతసేపు తిరిగారో! నాకు తిక్క రేగి, "మీరిద్దరూ ఆపుతారా!" అని అరిచాను. దేశంలో ఆస్పత్రులన్నీ ఆ శాఖవే, ఇంకెక్కడికి పోతాం? వరండా నిండా మంచాలు, మంచాల నిండా జనం, వాళ్ళ మధ్య డాక్టర్లు తిరుగుతూ సలహాలు ఇస్తున్నారు. కడుపు నొప్పి అన్నవాడికి నొప్పి లేకుండా ఉంటే మంచిదని చెబుతున్నారు. ప్రసవాలకు ఒక్కదానికే మినహాయింపు ఇచ్చారట, పుట్టేవాళ్ళు సలహా వినరు కాబట్టి.

బయటికి వస్తుంటే కుర్ర డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఈ సీజన్‌లో మేం మొదటి లీగుకు వస్తే సరేసరి. రాలేదా, వచ్చే ఏటికి ఆ పొర లోపలే చెడిపోతుంది. ఆ తర్వాత మేం ఏ లీగుకు వచ్చినా ఆవిడకు చూపు రాదు" అన్నాడు. ఆ మాట ఇంటికి వచ్చి ఆయనతో చెప్పాను. చేతిలో ఉన్న ఇత్తడి రాయిని అలాగే తుడుస్తూ కూర్చున్నారు. అది అప్పటికే తళతళలాడుతోంది.

సీజన్ చివరికి ఆస్పత్రుల శాఖ రెండో లీగులో పైకి వచ్చింది. గెలిచి కాదు, ఒక్క గోలూ వెయ్యకుండానే. ఎవరింట్లో చూసినా ఒక జబ్బు మనిషి ఉన్నాడు కాబట్టి డాక్టర్ల మీద గోలు వెయ్యడానికి ఎవరికీ కాలు రాలేదు. గోలు వెయ్యడం డాక్టర్లకు చేతకాలేదు. అన్నీ సున్నా సున్నాలే. వాళ్ళెప్పుడూ ఓడలేదు, మిగిలినవాళ్ళు ఒకరినొకరు ఓడించుకున్నారు. ఇప్పుడు మొదటి లీగులో అట్టడుగున ఉన్న జట్టుతో చివరాట ఆడాలి. గెలిస్తే పైకొస్తారు, ఓడినా, సమానమైనా కిందే ఉంటారు. ఆ అట్టడుగు జట్టు ఏదో మీకు చెప్పక్కర్లేదు. మా కర్మ, తూనికల శాఖే.

అంటే మా అత్తయ్య కళ్ళకూ ఆస్పత్రికీ మధ్య అడ్డంగా నిలబడ్డది ఆవిడ కన్నకొడుకే.

"ఒక్క గోలు వదిలెయ్యండి" అన్నాను. "ఒక్కటి. మీ సొమ్మేం పోయింది?"

"వదిలేద్దామనే ఉందే. చేతులు వింటాయా?" అన్నారు.

"వినేట్టు చేద్దాం రండి."

ఆ సాయంత్రం వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఆయన్ని గోడ ముందు నిలబెట్టాను. నేను విసురుతుంటే ఆయన ఊరికే నిలబడాలి, అదే పని. ఉల్లిపాయ విసిరాను. పట్టుకున్నారు. "పట్టుకోవద్దన్నానా?" అంటే, "నేను పట్టుకోలేదే, అవి వెళ్ళిపోయాయి" అన్నారు. టమాటా విసిరాను. పట్టుకున్నారు. చేతులు వెనక్కి విరిచి తువ్వాలుతో కట్టేసి వంకాయ విసిరాను. గడ్డం కింద ఇరికించుకుని, నావైపు గుడ్లు మిటకరించి చూశారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ఏమే, ఏం విసురుతున్నావు?" అని హాల్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"ఏం లేదత్తయ్యా, కూరలు సర్దుతున్నా."

"విసిరి సర్దుతారుటే ఎవరైనా? కింద పడ్డ చప్పుడు ఒక్కటీ రాలేదంటే వాడు పట్టుకుంటున్నాడన్నమాట. ఏం చేయిస్తున్నావు వాడిచేత?"

గోడ తడుముకుంటూ వచ్చేసింది. తలుపు తోసి, చెయ్యి చాచి, ఆయన చేతులకున్న కట్టు తడిమి చూసింది. ఆవిడకు అర్థం కావడానికి కళ్ళు అక్కర్లేదు.

"నా కళ్ళ కోసం వీణ్ణి బంతి వదిలెయ్యమంటున్నావా?"

"అవునత్తయ్యా, అంటున్నా! తప్పేముంది అందులో?"

"నోరుముయ్యి. ఆదివారం ఆదివారం నేను గ్రౌండుకు ఎందుకొస్తున్నాననుకున్నావు? చూడ్డానికా? నాకేం కనబడి చచ్చింది కనక! జనం జిగురూ జిగురూ అని అరుస్తారే, అది వినడానికి. నాకు కళ్ళు లేకపోతే చెయ్యి పట్టుకుని నడిపించడానికి నువ్వున్నావు. వీడి పరువు పోతే తెచ్చిచ్చేవాళ్ళెవరే? ఒరేయ్, విన్నావా? వదిలావంటే నీతో మాట్లాడను."

ఆయన గడ్డం కింద వంకాయతోనే తలాడించారు.

ఆట రోజు గ్రౌండు కిటకిటలాడింది. మెట్ల మీద మడత తువ్వాలు పరిచి అత్తయ్యను కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. తూనికల శాఖ అధిపతిని అందరూ పెద్దసారు అంటారు, మా జట్టుకు కెప్టెన్ కూడా ఆయనే. పొట్ట ముందు, తాను వెనక నడిచే మనిషి. ఆట మొదలయ్యే ముందు ఆయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, మాకు వినబడేంత గట్టిగా చెప్పాడు. "జిగురూ, చూసుకో. నువ్వు వదిలావంటే రేపట్నుంచి కిలో అంటే ఇంత అని చెప్పే హక్కు మనకుండదు. సుమారుగా ఇంత అని సలహా ఇవ్వాలి. దేశం మొత్తం సుమారుగా అయిపోతుంది."

డాక్టర్ల ఆట చూడాలి మీరు! తగిలితే చాలు, ఆగి క్షమాపణ చెబుతున్నారు. మా జట్టువాడు ఒకడు కాలు మెలిపడి కూలబడితే ఎముకల డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. వంగి చూసి, చేతులు వెనక్కి పెట్టుకుని, "మీరిప్పుడు లేవకపోతే మంచిదని నా సలహా" అన్నాడు. "చూడండి సార్, ఏమైందో" అని వాడు మూలుగుతుంటే, "చూడకూడదండీ, రెండో లీగు కదా" అన్నాడు. పళ్ళ డాక్టరు బంతి వదిలేసి మా పెద్దసారు నోట్లోకి తొంగి చూస్తున్నాడు.

ముందు వరసలో ఆడేది మా కుర్ర కంటి డాక్టరే. ఒకసారి బంతి అతనికి దొరికింది, ఎదురుగా మా ఆయన ఒక్కరే. నేను లేచి నిలబడ్డాను. మా ఆయన కావాలనే ఎడమవైపుకు దూకారు, నాకు తెలిసింది. ఆ పిల్లాడు కుడివైపుకు కొట్టబోయి, కాలు తడబడి, సరిగ్గా ఎడమవైపుకే కొట్టాడు. బంతి వెళ్ళి ఆయన చేతుల్లో పడింది. గ్రౌండంతా "జిగురూ!" అని దద్దరిల్లింది. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని, "విన్నావా, విన్నావా" అని ఊగిపోతోంది. ఇంకోసారి ఆయన బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగి కూర్చున్నారు. బంతి వెళ్ళి వీపు మీద పడింది. చేతులు వెనక్కి వెళ్ళి దాన్ని పట్టేసుకున్నాయి. చప్పట్లు ఆగలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. లోకంలో ఇందరు చేతకాని గోల్‌కీపర్లుండగా నాకే ఈయన దొరకాలా!

ఆట ఇంక అయిపోతుందనగా కుర్ర డాక్టరు అలసిపోయి ఊరికే కాలు ఆడిస్తే, బంతి గడ్డిలో దొర్లుతూ మెల్లగా ఆయన దగ్గరకు వచ్చింది. చంటిపిల్లైనా ఆపే బంతి. వంగి రెండు చేతులతో తీసుకున్నారు. జనం అరవడం మొదలుపెట్టారు. ఆయన తలెత్తి మెట్లవైపు చూశారు. అక్కడ మా అత్తయ్య చప్పట్లు కొడుతోంది, గ్రౌండువైపు కాదు, పక్కనున్న స్తంభంవైపు తిరిగి. ఆట అటుందనుకుంది పాపం. ఆయన అది చూశారు. బంతిని పొట్టకు హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంకో అడుగు వేశారు. అలా గీత దాటి, సొంత గోల్లోకి వెళ్ళి, వల ఒంటికి తగిలేదాకా నడిచి నిలబడిపోయారు.

గ్రౌండు గప్‌చిప్ అయిపోయింది.

"పట్టాడా?" అంది అత్తయ్య.

"పట్టారత్తయ్యా." అది అబద్ధం కాదు.

"మరి అరవరేం వీళ్ళు?"

రిఫరీ ఈల వేశాడు. అత్తయ్య చప్పట్లు ఆపేసింది.

"అది గోలు ఈల" అంది. తువ్వాలు తీసి మడత పెట్టింది. "పద ఇంటికి."

ఆయన మీద జనం సీసాలు, చెప్పులు విసిరారు. ఆయన వాటన్నిటినీ పట్టుకుని గోల్‌పోస్ట్ పక్కన వరసగా పేర్చారు. దానికి జనానికి ఇంకా ఒళ్ళు మండింది. దేశద్రోహి అని రాసింది ఆ మర్నాడే.

ఇంట్లో అత్తయ్య అన్నంత పనీ చేసింది. ఆయనతో మాట మానేసింది. ఏదైనా ఉంటే నా ద్వారానే. "ఆ ఇన్‌స్పెక్టరుతో చెప్పు, రేడియో గొంతు తగ్గించమని" అనేది, ఆయన పక్కనే కూర్చుని ఉండగా. ఆయన లేచి తగ్గించేవారు. బజారులో కొట్లవాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు. కిలో టమాటాలడిగితే, గుప్పిళ్ళతో సంచిలో వేసి, "సుమారుగా కిలో ఉండొచ్చమ్మా, మా అభిప్రాయం" అంటున్నారు. మా ఆయనవైపు చూసి మరీ అంటున్నారు. నేను ఊరుకునే మనిషినా? నా అభిప్రాయం నేను చెప్పి వచ్చాను.

కొన్నాళ్ళకు వాకిట్లో సైకిలు గంట మోగింది. ప్రధానమంత్రి. ఖాకీ సంచి భుజానికి వేసుకుని, చెమట తుడుచుకుంటూ, "డాక్టరుగారున్నారా?" అని అడిగాడు.

"ఇక్కడ డాక్టరెవరూ లేరండీ, పక్క వీధేమో" అన్నాను.

"జిగురుగారి ఇల్లే కదా? ఆయనే. ఈ సీజన్‌లో ఆస్పత్రుల శాఖ ఖాతాలో పడింది ఒకే ఒక్క గోలు. అది వేసింది మీవారు. ఎవరి గోల్లో వేశారన్నది రూలులో లేదు. శాఖకు ఎక్కువ గోల్స్ తెచ్చినవారే అధిపతి. అభినందనలు."

ఆయన బనీనుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది.

"ఇంకొకటి" అన్నాడు ప్రధానమంత్రి. "కొత్తగా పైకి వచ్చిన శాఖలో మొదటి పని అధిపతి తన చేత్తో చెయ్యాలి. అది జరిగేదాకా మిగతావాళ్ళు ఏదీ ముట్టుకోకూడదు. ఆస్పత్రి కాబట్టి, ఆపరేషను."

"నేనా? ఆపరేషనా?" అన్నారు ఆయన. "నాకు కాటా చూడ్డం తప్ప ఏమీ రాదండీ."

"నాకు మాత్రం దేశం నడపడం వచ్చా? రూలు నేను పెట్టింది కాదు, నేనొచ్చేసరికే ఉంది" అని ప్రధానమంత్రి సంచి సర్దుకున్నాడు. "పక్క వీధిలో పంచాల్సినవున్నాయి, వస్తాను."

తూనికల ఇన్‌స్పెక్టరు మొదటి ఆపరేషను చేస్తాడన్న వార్త ఆస్పత్రిలో పొక్కింది. సాయంత్రానికల్లా అందరికీ నయమైపోయింది. వరండాలో ఏళ్ళుగా మూలుగుతున్నవాళ్ళు పక్కలు చుట్టుకుని మెట్లు దిగి నడిచి వెళ్ళిపోయారు. నడవలేనివాళ్ళు కూడా నడిచారు. ఎవరినడిగినా, "ముందు ఇంకెవరికైనా చెయ్యనివ్వండి, మాకేం తొందర లేదు" అన్నారు. పత్రికలవాళ్ళు దాన్ని చూసి మహానుభావుడన్నారు. చెయ్యి తగలకుండానే రోగాలు పోగొట్టాడట! మా ఆయనేమో తెల్లకోటు ఒళ్ళో పెట్టుకుని, అన్నం ముట్టకుండా కూర్చున్నారు. మొదటిది జరిగితే గానీ రెండోది లేదు. ఎవరూ రాకపోతే అమ్మకు ఎప్పటికీ జరగదు. వస్తే ఆ వచ్చినవాడి గతేమిటి?

అత్తయ్య అంతా విని, కుర్చీలోంచి లేచింది.

"ఆ ఇన్‌స్పెక్టరుతో చెప్పు" అంది నాతో. "మొదటిది నాకే చెయ్యమను."

"వద్దత్తయ్యా! ఆయనకేం తెలుసు? ఉన్న కాస్తా పోతుంది!"

"ఉన్నదేముందే పోవడానికి? వాడు నా కోసం గోల్లోకి నడిచాడు. ఇప్పుడు మంచం మీదకు ఒక్క మనిషీ రాక నలుగురిలో నిలబడిపోతే చూస్తూ ఊరుకోమంటావా? పుట్టాక వాడు ఏదీ కింద పడెయ్యలేదు. చెయ్యనీ. పద, చెప్పులెక్కడున్నాయి?"

అధిపతి భార్యనని నన్ను గదిలోకి రానిచ్చారు, తలకు టోపీ పెట్టి తలుపు పక్కన నిలబెట్టారు. అత్తయ్యను బల్ల మీద పడుకోబెట్టారు. కంటికి మత్తుమందు వేశారు కానీ మనిషి మెలకువగానే ఉంది. కుర్ర డాక్టరు రూలు పుస్తకం తిరగేసి ఒక దారి కనిపెట్టాడు. పరికరం ఆయన చేతిలో ఉంటుంది, ఆయన చేతిని తను పట్టుకుని నడిపిస్తాడు, పిల్లలకు పలక మీద అక్షరాలు దిద్దించినట్టు. అంతా బాగానే ఉంది. కానీ ఎన్నడూ వణకని ఆ చేతులు ఆ రోజు గడగడ వణికాయి. "సార్, ఇలాగైతే కుదరదు" అని కుర్ర డాక్టరు గొణిగాడు.

"ఎవరిదిరా ఆ వణుకు?" అంది అత్తయ్య.

"నాదేనమ్మా."

గోలు తర్వాత ఆవిడ ఆయనతో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"ఆ రోజు బంతి పట్టావు కదరా?"

"పట్టానమ్మా."

"పట్టినవాడివి లోపలికెందుకు నడిచావు?"

"నువ్వు స్తంభాన్ని చూసి చప్పట్లు కొట్టావమ్మా" అన్నారు. "ఏది పడుతున్నా పట్టుకుంటానంటారు నన్ను. నీ చూపు నా కళ్ళముందే పోతుంటే పట్టుకోలేకపోయాను. ఇంక ఆ బంతి నాకెందుకు?"

అత్తయ్య పెదవులు అదిరాయి. కుర్ర డాక్టరు కంగారుగా, "అమ్మా, అమ్మా, ఏడవకూడదు! కన్ను కదిలితే ప్రమాదం!" అన్నాడు.

"ఎవడేడుస్తున్నాడు? నీ పని నువ్వు చూసుకో" అంది. ఏడుపు ఆపుకోవడానికి ఆవిడకు తెలిసిన దారి ఒక్కటే, తిట్టడం. మొహం కదలకుండా, పెదవులు మాత్రం ఆడిస్తూ మొదలుపెట్టింది. రిఫరీని తిట్టింది. ప్రధానమంత్రిని, ఆయన సైకిలునీ తిట్టింది. "నువ్వు కొట్టిన బంతిని చూస్తే బంతికే సిగ్గేసి ఉంటుంది" అని కుర్ర డాక్టరును తిట్టింది. కొడుకును మాత్రం ఏమీ అనలేదు. "చెయ్యి గట్టిగా పట్టుకోరా, నేనున్నాను" అంది. చిత్రమేమిటంటే ఆ తిట్ల మధ్య ఆయన వణుకు ఆగిపోయింది. రెండు చేతులూ ఒకటిగా కదిలాయి. పొర బయటికి వచ్చింది. నేను తలుపు పట్టుకుని, టోపీ కళ్ళమీదకు లాక్కుని, వెక్కి వెక్కి ఏడ్చాను. నన్ను ఏడవొద్దన్నవాళ్ళు లేరు.

కట్టు విప్పిన రోజు కుర్ర డాక్టరు వేళ్ళు చూపించి ఎన్నని అడిగాడు. "వేళ్ళకేంగానీ, అంత బక్కగా ఉన్నావేం నాయనా?" అంది. నన్ను చూసి, "నువ్వు బాగా ఒళ్ళు చేశావే" అంది. ఆ తర్వాత ఆయనవైపు తిరిగింది. తెల్లకోటు బొత్తాలు పట్టక, రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నారు. ముందువైపు జుట్టు ఊడిపోయిందనీ, చెవుల పక్క నెరిసిందనీ ఆవిడకు మేమెవరమూ చెప్పలేదు, చెప్పాలని తోచలేదు. చాలాసేపు చూసింది.

"డాక్టరుగారూ, ఇప్పుడు ఏడవొచ్చా?" అని అడిగింది.

"ఇంకో వారం ఆగాలమ్మా" అన్నాడు కుర్ర డాక్టరు.

"సరే" అంది.

ఆ వారమంతా మా ఇల్లు తిట్లతో మారుమోగింది. వారం గడిచిన పొద్దున అత్తయ్య మొహం కడుక్కుని, కుర్చీ కిటికీ దగ్గరకు లాక్కుని, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "వెలుగులోకి తిరుగు" అంది. తిరిగారు. గడ్డం పట్టుకుని, నుదురూ, నెరిసిన చెంపలూ ఒక్కొక్కటీ చూసుకుంటూ ఏడ్చింది.

"ముసలాడివైపోయావురా" అంది. "నేను చూడకుండానే."